తంగేడు గింజ మొలకెత్తాలంటే

ప్రశ్న: మాది అనంతపురం. ఇంటి ముందు ఎర్రనేలలో నీళ్లు పెద్దగా అడగని తంగేడు, గునుగు పూలు పెంచాలని ఉంది. తంగేడు గింజలు వేస్తే ఒక్కటీ మొలవలేదు. ఎందుకండీ?

జవాబు: మీ గింజల్లో లోపం ఉండకపోవచ్చునమ్మా. తంగేడు గింజ పైతోలు చాలా గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. బంజరులో ఎండా వానా కలిసి ఆ తోలును మెల్లగా చీలుస్తాయి. మీరు ఆ పని ఒక్క పూటలో చేయొచ్చు. గింజను ఒక పక్క ఉప్పుకాగితం మీద రుద్దండి. మొనవైపు వద్దు, మొలక వచ్చేది అక్కడే. తర్వాత రాత్రంతా నానబెట్టండి. ఉబ్బినవే వేయండి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాలి.

తొట్టెలో పెంచి మార్చుదామనుకోకండి. తల్లివేరు నిటారుగా కిందికి దిగుతుంది, అది తెగితే మొక్క కోలుకోవడం కష్టం. తొలకరికి, చెట్టు ఉండాల్సిన చోటే అర అంగుళం లోతున వేయండి. వానలు మొహం చాటేస్తే మొదటి ఏడాది నీళ్లు పెట్టాల్సిందే. కరువుకు తట్టుకునేది వేరు దిగిన మొక్క, లేత మొలక కాదు. వేరు దిగాక మాత్రం రోజూ నీళ్లు పోస్తేనే ముప్పు. ఆకులను గొంగళిపురుగులు తింటుంటే మందు కొట్టకండి, దయచేసి. అవి సీతాకోకచిలుకల పిల్లలు కావచ్చు. చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

గునుగుకు ఈ తంటా లేదు. నల్లని సన్నగింజలను ఇసుకతో కలిపి పైపైన చల్లండి, మందంగా మట్టి కప్పవద్దు. చేలల్లో అది కలుపు మొక్క. పక్కనే పొలముంటే గింజ రాలకముందే కంకులు కోసుకోండి.