పోకర్‌లో అత్యున్నత శ్రేణి: అందుకుంటే దక్కేదెంత?

బ్రిటన్‌లో చదువుకుంటున్న ఒక సోదరుడు మాకు ఒక ప్రశ్న పంపారు. ఆయన కొంతకాలంగా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పోకర్ ఆడుతున్నారు. ఆడేకొద్దీ కంపెనీ పాయింట్లు ఇస్తుంది. పాయింట్లను బట్టి శ్రేణి పెరుగుతుంది. అత్యున్నత శ్రేణికి చేరినవారికి పెద్ద మొత్తం బోనస్ వస్తుంది. గడువు డిసెంబరు 31. "ఐదింట నాలుగు వంతులు పూర్తయ్యాయి. ఇది జూదమని నాకు తెలుసు. కాని ఇప్పుడు మానేస్తే ఏడాది శ్రమ వృథా కదా! ఆ శ్రేణి అందుకుని, ఆ డబ్బుతో ఫీజు బాకీ తీర్చి, తర్వాత తౌబా చేసుకుంటే?" అన్నది ఆయన ప్రశ్న.

దాచకుండా అడిగినందుకు ఆయన్ని అభినందిస్తున్నాము. ముందు ఆయన లెక్కనే పరిశీలిద్దాం.

పోకర్‌లో ఆటగాళ్ళు ఒకరితో ఒకరు ఆడతారు. కంపెనీ ఓడేది లేదు, గెలిచేది లేదు. ప్రతి పందెం మొత్తం నుంచి కొంత రుసుము తీసుకుంటుంది, అంతే. ఆరుగురు తలా 100 చొప్పున తెచ్చి కూర్చున్నారనుకోండి. బల్ల మీద 600 ఉన్నాయి. కొన్ని గంటల తర్వాత రుసుముల కింద 60 పోతే, ఆరుగురి దగ్గర కలిపి మిగిలేది 540. పాయింట్లు ఇచ్చేది ఈ రుసుము మీదే, గెలుపు మీద కాదు. అంటే ఓడిపోతున్నవాడు కూడా పై శ్రేణికి ఎక్కవచ్చు. అతను ఎక్కువ ఆడాడనడానికే ఆ శ్రేణి గుర్తు.

ఈ శ్రేణుల్లో ఒకప్పుడు బాగా పేరుపడినది పోకర్‌స్టార్స్ వారి 'సూపర్‌నోవా ఎలీట్'. దాన్ని అందుకోవాలంటే ఒక్క క్యాలెండరు సంవత్సరంలో 10 లక్షల పాయింట్లు కావలసి వచ్చేవి. సెలవు లేకుండా ఆడినా రోజుకు సుమారు 2,740 పాయింట్లు. ఒక డాలరు రుసుముకు 5, 6 పాయింట్లు వచ్చేవి కనుక ఏడాదికి దాదాపు 1,70,000 నుంచి 2,00,000 డాలర్లు రుసుము కట్టవలసి వచ్చేది. అందులో సగానికి పైగా తిరిగి వస్తుందని ఆటగాళ్ళు లెక్కవేసుకునేవారు. ఆ ఆశతోనే ఒకేసారి అనేక బల్లల మీద, రాత్రింబవళ్ళు ఆడేవారు. సాధించిన శ్రేణి మరుసటి సంవత్సరం చివరి వరకు ఉంటుందన్నది వారి ధీమా. 2015 నవంబరులో కంపెనీ నిబంధనలు మార్చింది. ఆ ఏడంతా కష్టపడినవారికి 2016లో దక్కవలసిన ప్రయోజనాల్లో కోత పడింది. డిసెంబరు మొదట్లో కొందరు ఆటగాళ్ళు మూడు రోజులు ఆట మాని నిరసన తెలిపారు. నిబంధన రాసేవాడు ఒకడు, నిద్ర చెడగొట్టుకునేవాడు మరొకడు అయినప్పుడు ఇలాగే జరుగుతుంది.

సరే, కంపెనీ మాట తప్పదనే అనుకుందాం. బోనస్ పూర్తిగా చేతికొస్తుందనుకుందాం. అప్పుడైనా ఆడవచ్చా?

ఇక్కడ దివ్యఖుర్ఆన్ చెప్పిన తీరు గమనించదగ్గది. జూదంలో లాభమే లేదని అది అనలేదు. అల్ బఖరా సూరా 219వ ఆయతు మద్యంలోనూ జూదంలోనూ ప్రజలకు కొన్ని ప్రయోజనాలున్నాయని ఒప్పుకుంటూనే, వాటి పాపం ఆ ప్రయోజనాల కన్నా పెద్దదని తెలిపింది. ఏమిటా ప్రయోజనం? ఆనాటి అరబ్బులు ఒంటెను కోసి, బాణాలతో వాటాలు తేల్చుకునేవారు. వాటా దక్కని బాణం వచ్చినవారు ఒంటె ధర చెల్లించేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని పేదలకు పంచి గొప్పగా చెప్పుకునేవారు. పేదవాడి ఆకలి తీర్చిన ఆ 'మైసిర్' కూడా తర్వాత అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులతో పూర్తిగా నిషిద్ధమైపోయింది. మరి ఫీజు బాకీ తీర్చే బోనస్ దానికన్నా గొప్పదా?

పోకర్ నైపుణ్యంతో కూడిన ఆట కదా అని కొందరు వాదిస్తారు. నైపుణ్యం ఉండవచ్చు. కాని అందరూ సొమ్ము పందెం కాసి, ఒకరి నష్టాన్నే మరొకరు లాభంగా తీసుకునేచోట నేర్పరితనం సొమ్మును హలాల్ చేయదు. దుకాణదారు పాత ఖాతాదారుకు ఇచ్చే తగ్గింపు వేరు, అక్కడ సరుకు చేతులు మారుతుంది. ఇక్కడ తిరిగి వచ్చేది ఓడినవారి జేబుల్లోంచి పోయిన రుసుములో ఒక ముక్క.

ఇక 'తర్వాత తౌబా' అన్న మాట. ఇది మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. హజ్రత్ యూసుఫ్ (అలైహి) అన్నలు ఆయన్ని వదిలించుకోవాలని కుట్ర పన్నినప్పుడు, ఆ పని అయ్యాక మంచివాళ్ళుగా ఉండవచ్చునని ముందే అనుకున్నారు (యూసుఫ్ సూరా, 9). ఆ మాట అన్న తర్వాత వారి ఇంట్లో ఎన్నేళ్ళ దుఃఖం మిగిలిందో మనకు తెలుసు. డిసెంబరు 31 దాకా మనం ఉంటామన్న హామీ ఏ కంపెనీ ఇచ్చింది?

మన దేశంలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఈ సోదరుడు ఉన్నచోట అది చట్టబద్ధమే. అయినా అక్కడి చట్టమే ఒక తలుపు కూడా తెరిచి ఉంచింది. 'గామ్‌స్టాప్' అనే ఉచిత ఏర్పాటులో పేరు నమోదు చేసుకుంటే, అక్కడ లైసెన్సు పొందిన ఆన్‌లైన్ జూదపు కంపెనీలు ఎంచుకున్న గడువు వరకు ఆయన్ని ఆడనివ్వకూడదు. ఆరు నెలలు, ఒక సంవత్సరం, అయిదు సంవత్సరాలు అనే గడువులున్నాయి. అయిదు సంవత్సరాలే ఎంచుకోమని మా సలహా. ఖాతాలో తాను వేసిన సొమ్ము మిగిలివుంటే తీసుకోవచ్చు. గెలిచినది ఎవరిదో తెలియదు కనుక, ఉలమాలు చెప్పినట్లు పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి. పాయింట్లను అలాగే వదిలేయాలి. ఫీజు బాకీ సంగతి నాన్నగారితో ఈ రాత్రే ఫోనులో మాట్లాడాలి.