ఒడ్డుకు దిగిన ప్రయాణికుడు, ఓడ గడియారం

భూగోళశాస్త్రపు తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థి మమ్ము ఒక సందేహం అడిగాడు. 2024 మార్చి 27న, ఆఫ్రికా పశ్చిమతీరాన గల సావో తోమే ద్వీపంలో, ఎనిమిదిమంది ప్రయాణికులను ఒడ్డుననే విడిచి నార్వీజియన్ డాన్ అనే విహారనౌక వెళ్ళిపోయిన వార్తను అతడు చదివి ఉన్నాడు. “వేలమందిని మోసే ఓడ ఒక్క గంట ఆగితే ఏం పోయిందండీ?” అన్నది అతని ప్రశ్న. అందుకు నిలుచున్నపళాన చెప్పదగిన సమాధానం మాకు తోచలేదు. ఈ వ్యాసానికి అదే కారణం.

ముందుగా జరిగిన దానిని పరిశీలిద్దాము. ఆ ఎనిమిదిమందీ ఓడవారు ఏర్పాటు చేసిన యాత్రలో గాక, స్థానికంగా తామే కుదుర్చుకొన్న యాత్రలో ద్వీపాన్ని చూడబోయారు. తిరిగి వచ్చేసరికి గడువు దాటి గంటకు పైగా అయింది. ఓడ ఇంకా లంగరు మీదనే కనబడుతున్నది. తీరరక్షక దళంవారు పడవలో వారిని ఓడ దాపునకు చేర్చినా, ఎక్కనివ్వలేదు. వారి పాస్‌పోర్టులను నౌకాధికారులు రేవులోని ఏజెంటుకు అప్పగించి వెళ్ళారు. అనేక దేశాలు దాటి వారు గాంబియాలోని బాంజుల్ చేరగా, వాతావరణమూ ఆటుపోట్లూ అనుకూలించక ఓడ అక్కడికి రానేలేదు. చివరకు సెనెగల్ రాజధాని డకార్‌లో ఏప్రిల్ 2న ఓడ నెక్కగలిగారు. వారిలో వృద్ధులున్నారు, ఒక గర్భిణి కూడా ఉన్నది.

ఇక ఓడ ఎందుకు ఆగదు? మచిలీపట్నానికి బందరు అనే పేరునిచ్చిన పారసీక పదం మన ఉర్దూ విభాగం విద్యార్థులకు చిరపరిచితమే. ఆ మాటకు రేవు అని అర్థం. రేవులో ఓడ తన యిష్టానుసారం కదలజాలదు. దారి చూపే పైలట్‌కు, లాగే టగ్గు పడవలకు ముందుగానే వేళ నిర్ణయమై ఉంటుంది. ఆ స్థలానికి రావలసిన మరొక ఓడ బయట కాచుకొని ఉండవచ్చు. కొన్ని రేవులలో పోటు ఉన్నప్పుడే బయటపడాలి. పోగొట్టుకొన్న గంటను సముద్రం మీద సంపాదించుకోవచ్చు గదా అంటే, ఆ లెక్క మన భౌతికశాస్త్ర విద్యార్థులు చెప్పగలరు. ఓడకు కావలసిన శక్తి స్థూలంగా వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగాన్ని పదిశాతం పెంచితే గంటకు కాలే ఇంధనం సుమారు మూడోవంతు పెరుగుతుందన్నమాట. అయినప్పటికీ, లంగరెత్తని ఓడ పక్కకు వచ్చిన పడవను తిప్పి పంపడం మాకు పూర్తిగా సమ్మతమైన పని కాదు. మనుషులను ఎక్కించే పని ముగిసిన తరువాత మళ్ళీ తలుపు తెరవడం నౌకాధిపతికి ఎంత చిక్కో మేమెరుగుదుము. అయినా మనసు ఒప్పుకొనడం లేదు.

విద్యార్థులు ముఖ్యంగా గ్రహించవలసినది కాలగణన. కరపత్రంలో ఓడ బయలుదేరే వేళ సాయంకాలం 7 గంటలని ఉంటే, ప్రయాణికులు ఎక్కవలసిన గడువు సాధారణంగా 6.30, కొన్నిచోట్ల అంతకు ముందే. గట్టు దాకా రాలేని పెద్ద ఓడలు దూరాన లంగరు వేసి, టెండర్లనే చిన్న పడవలలో జనాన్ని చేరవేస్తాయి. అటువంటి చోట ఆఖరి టెండరు బయలుదేరే వేళే అసలైన గడువు.

రోము నగరం ఇందుకు మంచి ఉదాహరణ. ఓడ ఆగేది రోములో కాదు, సుమారు 80 కిలోమీటర్ల దూరాన ఉన్న చివిటవెక్కియా రేవులో. గడువు 6.30 అనుకొందాము. స్టేషను నుండి ఓడ వద్దకు అరగంట, రైలులో గంటంబావు. రోములో 4.30 రైలెక్కినవాడు 6.15కు ఓడ చేరుతాడు. చేతిలో మిగిలేది పావుగంట. ఆ రైలు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఆ పావుగంటా ఉండదు. కనుక 3.30కే రోమును విడవాలి. కొలోసియం ముందు నిలిచినవానికి ఈ వెనుకలెక్క రుచించదు, నిజమే!

అన్నిటికంటె మోసకారి చేతిలోని సెల్‌ఫోను. మెక్సికోలోని కొజుమెల్ ద్వీపం చేరిన క్వింతానా రో రాష్ట్రం 2015 ఫిబ్రవరిలో తన కాలమానాన్ని మార్చుకొన్నది. వేసవి నెలలలో ఫ్లోరిడా గడియారాన్నే పాటిస్తూ వచ్చే ఓడలో 4 గంటలైనప్పుడు ద్వీపంలో 3 గంటలే. ఒడ్డుకు దిగగానే ఫోను తనంత తానే స్థానిక వేళకు మారుతుంది. ప్రయాణికుడు ఇంకా గంట ఉన్నదనుకొని అంగళ్ళలో తిరుగుతాడు. జూల్స్ వెర్న్ 1873లో ప్రకటించిన ఎనభై రోజుల భూప్రదక్షిణ నవలలో సేవకుడు పాస్పర్తూ తన గడియారాన్ని లండను వేళ నుండి మార్చనని పట్టుబట్టడం మనకు నవ్వు తెప్పిస్తుంది. విహారనౌక ప్రయాణికునికి కావలసినది మాత్రం ఆ పట్టుదలే. దిగేముందు ఓడ గడియారంతో సరిచూసిన ముల్లుల గడియారమొకటి చేతికి ఉండాలి. అదే నవలలో కర్ణాటిక్ అనే ఓడ చెప్పిన వేళకు ముందే హాంకాంగ్ విడిచిపోతుంది. కనుక దిగేటప్పుడు గడువును మరొకసారి అడిగి తెలుసుకోవడంలో చిన్నతనం లేదు.

ఓడవారి యాత్రలో వెళ్ళినవారు ఆలస్యమైతే ఓడ సాధారణంగా వేచి ఉంటుంది, లేదా తదుపరి రేవుకు చేర్చే బాధ్యత వహిస్తుంది. సొంతంగా వెళ్ళినవారి ఖర్చు వారిదే. భారతీయునికి ఖర్చు కంటె వీసా పెద్ద చిక్కు. తదుపరి రేవుకు విమానంలో పోవాలంటే ఆ దేశానికే గాక, దారిలో మారవలసిన దేశానికి కూడా అనుమతి కావలసి రావచ్చు. పాస్‌పోర్టు నకలు, మందులు, కొంత సొమ్ము, రేవు ఏజెంటు ఫోను నంబరు జేబులో లేకుండా ఒడ్డుకు దిగరాదు.

ఈ పాఠం మనకు దూరపుది కాదు. విశాఖపట్నం ఓడరేవులో 2023 సెప్టెంబరులో విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడ దిగినవారు అరకులోయ చూడగోరితే దారి నూరు కిలోమీటర్లకు పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. వారిని వెంటబెట్టుకొని వెళ్ళే మార్గదర్శకులుగా మన విద్యార్థులే ఉండవచ్చు. అటువంటివారు బండి ఎక్కించే ముందు మొదట అడగవలసినది బొర్రా గుహలు చూస్తారా అని కాదు, మీ ఓడ గడియారంలో ఇప్పుడు వేళ ఎంత అని.