ఐసు గుహకి చలికాలంలోనే ఎందుకు వెళ్తారు?



గుహ అంటే మనకి ముందు బొర్రా గుహలే గుర్తొస్తాయి. అక్కడ నీళ్ళు సున్నపురాయిని కరిగించి గుహ చేశాయి. దానికి లక్షల ఏళ్ళు పట్టింది. కాని రాయి లేకుండా, గోడలూ కప్పూ అన్నీ ఐసుతోనే ఉన్న గుహలు కూడా ప్రపంచంలో ఉన్నాయి. అవి కొద్ది కాలంలోనే పుడతాయి, ఒక్క వేసవిలో కూలిపోవచ్చు కూడా. వాటి గురించి నేను తెలుసుకున్నది మీకు చెప్తాను.

హిమానీనదం అంటే ఏమిటి?

ఈ మాట మన సోషల్ పుస్తకంలో ఉంది. మంచు అనగానే మనం తికమక పడతాం. మన కొండల్లో తెల్లారి పొగలా కమ్మేదీ మంచే, గడ్డి మీద తడీ మంచే. హిమానీనదంలో ఉండేది అది కాదు. బాగా చలి ఉన్న చోట ఆకాశం నుంచి తెల్లటి మంచు రాలుతుంది. ఏటేటా ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. పైబరువుకి కిందిది నలిగి గట్టి ఐసు అయిపోతుంది. చాలా మందం అయ్యాక తన బరువుకి తనే కొండ కిందికి మెల్లగా జారుతుంది. అందుకే దాన్ని నది అన్నారు.

గుహ ఎలా పుడుతుంది?

వేసవిలో పై ఐసు కరుగుతుంది. ఆ నీళ్ళు పగుళ్ళలోంచి, కన్నాల్లోంచి అడుగుకి దిగుతాయి. అక్కడ గెడ్డలా పారుతూ ఐసుని తొలిచేస్తాయి. చలికాలం రాగానే కరగడం తగ్గుతుంది, నీళ్ళు తగ్గిపోతాయి. నీళ్ళు పారిన దారి ఖాళీగా మిగుల్తుంది. అదే ఐసు గుహ.

లోపల నీలంగా ఉంటుంది. ఎందుకంటే దట్టమైన ఐసు వెలుతురులోని ఎరుపుని మింగేస్తుంది. నీలం మాత్రం మన కళ్ళ దాకా వస్తుంది.

ఒక రోజు నడక

అమెరికాలో అలాస్కా రాష్ట్రం ఉంది. దాని రాజధాని జూనో. ఆ ఊరి దగ్గర మెండెన్‌హాల్ అనే హిమానీనదం ఉంది. పొడవు దాదాపు 21 కిలోమీటర్లు. దాని ముందు ఒక సరస్సు. చలికాలంలో సరస్సు గడ్డకట్టినప్పుడు జనం దాని మీద నడిచి గుహలు చూడ్డానికి వెళ్ళేవారు.

అక్కడ డిసెంబరు నెలాఖరులో పగలు ఆరున్నర గంటలు కూడా ఉండదు. అందుకని పొద్దున్నే బయల్దేరి చీకటి పడకముందే తిరిగి రావాలి. బూట్ల కింద ఇనప ముళ్ళు కట్టుకుంటారు, లేకపోతే జారిపోతారు. తలకి హెల్మెట్, లైటు. సరస్సు మీద మనిషి నడవాలంటే గట్టి ఐసు కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలని చెప్తారు. ఒక చోట గట్టిగా ఉంటే అంతటా గట్టిగా ఉన్నట్టు కాదు. హిమానీనదం నుంచి పెద్ద ముక్క విరిగి పడితే సరస్సు ఐసు పగిలిపోతుంది.

వేసవిలో ఎందుకు వెళ్ళకూడదు?

వానాకాలంలో గెడ్డ దాటొద్దని మన పెద్దవాళ్ళు అంటారు కదా! ఐసు ఉన్న చోట నీళ్ళు ఉరికే కాలం వేసవి. గుహని చేసిన నీళ్ళే దాన్ని కూలుస్తాయి. మెండెన్‌హాల్‌లో పేరున్న ఒక గుహ 2014 జూలైలో కూలింది. ఐస్‌లాండ్ దేశంలో బ్రేదామెర్కుర్ అనే హిమానీనదం దగ్గర 2024 ఆగస్టు 25న ఐసు కూలి, చూడ్డానికి వచ్చిన ఒకాయన చనిపోయాడు. రెండూ వేసవి నెలలే. చలికాలంలో ప్రమాదం తగ్గుతుంది గాని పోదు. ఐసు ఎప్పుడూ కదుల్తూనే ఉంటుంది. కాబట్టి తెలిసినవాళ్ళని అడక్కుండా లోపలికి అడుగు పెట్టకూడదు.

గాదె ఖాళీ అవుతోంది

వేసవిలో ఐసు కరగడం మామూలే. చలికాలంలో మళ్ళీ మంచు పడి ఆ లోటు పూడాలి. గాదెలో పోసేదాని కన్నా తీసేది ఎక్కువైతే ఏమవుతుంది? అదే జరుగుతోంది. బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగ వల్ల భూమి వేడెక్కుతోంది. 1929 నుంచి మెండెన్‌హాల్ రెండున్నర కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు సరస్సు ఉన్న చోట అంతకు ముందు ఐసే ఉండేది. గుహ చూస్తే అందంగా ఉంటుంది. కాని అది ఐసు లోపల్నించి తరిగిపోతోందని చెప్పే గుర్తు కూడా.

ఇంకో సంగతి. ఆ నేల ట్లింగిట్ అనే ఆదివాసులది. వాళ్ళ భాషలో ఆ హిమానీనదం పేరుకి అర్థం "చిన్న సరస్సు వెనక ఉన్న హిమానీనదం". మెండెన్‌హాల్ అన్నది సర్వే శాఖ పెద్ద ఆఫీసరు పేరు, తర్వాత పెట్టారు. వాళ్ళ పేరు వింటే అది ఎక్కడుందో తెలుస్తుంది. మన కొండలకీ గెడ్డలకీ మన అవ్వలు చెప్పే పేర్లు కూడా అలాంటివే. వాటిని నోటుబుక్కులో రాసి పెట్టుకుందాం.

ఆలోచించండి:
1. బొర్రా గుహకి, ఐసు గుహకి తేడా ఏమిటి?
2. గెడ్డ దాటకూడని కాలం మనకి ఏది? ఐసు గుహలోకి వెళ్ళకూడని కాలం ఏది? రెండిటికీ కారణం ఒకటేనా?
3. మీ ఊరి కొండ పేరుకి అర్థం ఏమిటి? ఇంటికి వెళ్ళినప్పుడు అడిగి రండి.

— 9వ తరగతి విద్యార్థిని