సంఘం లాప్‌టాప్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్: కార్యదర్శులు పాటించవలసిన జాగ్రత్తలు

ఒకప్పుడు పాల సంఘానికి తనిఖీకి వెళితే మేము మొదట అడిగేవి పాల సేకరణ రిజిస్టరు, ఫ్యాట్ రిజిస్టరు, నగదు పుస్తకం. నేడు చాలా సంఘాలలో ఈ మూడింటి లెక్కలూ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంటున్నాయి. పూటపూటా పోసిన పాలు, ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్., పక్షం బిల్లు, దాణా బాకీలు అన్నీ అందులోనే. ఆ యంత్రం మొరాయిస్తే ఉత్పత్తిదారు చేతికి రావలసిన డబ్బు ఆగిపోతుంది.

ఇటీవల ఒక సంఘంలో ఇదే జరిగింది. బిల్లుకు ముందురోజు సాయంత్రం తెర మీద అప్‌డేట్ వచ్చిందని సూచన కనబడితే కార్యదర్శి సరేనని నొక్కారు. ఛార్జరు తగిలించే ఉంది గాని బ్యాటరీ పాతబడి ఛార్జి నిలవడం లేదు. పని మధ్యలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక లాప్‌టాప్ తెర వెలగలేదు. దానిని హైదరాబాద్ తెచ్చి, అశోక్‌నగర్‌లో ఒక షాపులో చిప్పులోని ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించుకునేసరికి నాలుగు రోజులు పట్టింది. అన్నాళ్ళూ సభ్యులు బిల్లు కోసం సంఘం చుట్టూ తిరిగారు. ఇటువంటి ఇబ్బంది మరొక సంఘానికి రాకూడదని ఈ పాఠం వ్రాస్తున్నాము.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి?

లాప్‌టాప్ మీట నొక్కగానే విండోస్ కంటే ముందు మేల్కొనే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. అది హార్డ్ డిస్కులో కాక, బోర్డు మీద ఉన్న ఒక చిప్పులో ఉంటుంది. దానినే ఫర్మ్‌వేర్ లేక బయాస్ అంటారు. ఇప్పటి యంత్రాలలో ఉన్నది యు.ఇ.ఎఫ్.ఐ. అనే కొత్త తరహాదే అయినా, వాడుకలో బయాస్ అన్న పేరే నిలిచింది.

అప్‌డేట్ చేసేటప్పుడు చిప్పులోని పాత ప్రోగ్రామును చెరిపి, ఆ చోట కొత్తది వ్రాస్తారు. చెరపడం అయి, వ్రాయడం పూర్తికాక ముందు కరెంటు పోతే చిప్పులో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. తోడు వేసిన గిన్నెను కదపరాదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇదీ అంతే. ఈ చిప్పు చెడితే ఏమవుతుందో 1999 ఏప్రిల్ 26న లోకానికి తెలిసింది. ఆనాడు సి.ఐ.హెచ్. అనే వైరస్ ఎన్నో కంప్యూటర్ల బయాస్‌ను చెరిపివేయగా అవి అసలు తెరుచుకోలేదు.

అంత ప్రమాదమైతే మానివేయరాదా అని అడగవచ్చు. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడినప్పుడు వాటి సవరణలలో కొంత భాగం ఫర్మ్‌వేర్ ద్వారానే అందింది. కాబట్టి భద్రతకు సంబంధించిన అప్‌డేట్‌ను వదలరాదు. యంత్రం చక్కగా నడుస్తూ, కంపెనీ వివరణలో మనకు పనికివచ్చే మార్పు ఏదీ లేనప్పుడు తొందరపడనక్కర లేదు.

మొదలు పెట్టే ముందు

1. బిల్లు చెల్లింపు పూర్తయిన మరునాడు, ఉదయం పాల సేకరణ ముగిశాక ఈ పని పెట్టుకోవాలి. ఆ రోజు లైను పనుల కోసం కరెంటు తీస్తారేమో ముందే విచారించాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు చేయరాదు.

2. లెక్కలకు రెండు నకళ్ళు తీయాలి. ఒక పెన్‌డ్రైవ్ సంఘంలోను, మరొకటి వేరొక చోట భద్రంగాను ఉంచాలి. నకలు వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. సభ్యుల బాకీల పట్టికను కాగితం మీద ముద్రించుకోవాలి.

3. విండోస్ గుర్తు ఉన్న మీటతోపాటు 'ఆర్' నొక్కి, ఇంగ్లీషులో 'ఎంఎస్ఇన్ఫో32' అని కొడితే మోడల్ పేరు, ఇప్పుడున్న బయాస్ నంబరు కనబడతాయి. వాటిని రిజిస్టరులో వ్రాసుకోవాలి. ఒకే కంపెనీ లాప్‌టాప్‌లైనా ఒక మోడల్ ఫైలు మరొక మోడల్‌కు పనికిరాదు.

4. ఫైలును కంపెనీ సొంత వెబ్‌సైటు నుండి గాని, విండోస్ అప్‌డేట్ ద్వారా గాని తీసుకోవాలి. ఫోనులో ఎవరో పంపిన ఫైలు వాడరాదు.

5. బ్యాటరీ పూర్తిగా ఎక్కి ఉండాలి, ఛార్జరూ తగిలించి ఉండాలి. ఛార్జరు తీసి చూస్తే అరగంటైనా నిలవని బ్యాటరీ ఉన్నప్పుడు ముందు దానిని మార్చాలి.

6. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టాలి. ఫర్మ్‌వేర్ మారాక యంత్రం ఆ అంకెలు అడగవచ్చు. అవి లేకపోతే డిస్కు చెక్కుచెదరకుండా ఉన్నా లెక్కలు మన చేతికి రావు. అప్‌డేట్ వరకు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి ఉంచే సదుపాయం కూడా ఉంది.

జరుగుతున్నప్పుడు

మిగిలిన ప్రోగ్రాములన్నీ మూసివేయాలి. మిల్క్ ఎనలైజర్, తూకం యంత్రం, ప్రింటరు వైర్లు తీసివేయాలి. మొదలయ్యాక మూత వేయరాదు, పవర్ మీట ముట్టరాదు. తెర కాసేపు నల్లబడవచ్చు, ఫ్యాను గట్టిగా తిరగవచ్చు, యంత్రం ఒకటి రెండుసార్లు తనంతట తాను ఆగి తిరిగి మొదలు కావచ్చు. ఇవి చూసి కంగారుపడి ఆపివేయడమే ఎక్కువ నష్టం తెస్తుంది.

పూర్తయ్యాక తేదీ, గడియారం సరిచూడాలి. తేదీ తప్పితే పూటల లెక్క తారుమారవుతుంది. తర్వాత వైర్లన్నీ తగిలించి ఒక నమూనా పాలు పరీక్షించి, చీటీ సరిగా వస్తున్నదో లేదో చూడాలి.

ఒకవేళ తెర వెలగకపోతే

పదే పదే మీట నొక్కరాదు. చాలా హెచ్.పి. లాప్‌టాప్‌లలో విండోస్, 'బి' మీటలు కలిపి పట్టుకుని పవర్ మీటను రెండు మూడు సెకన్లు నొక్కడం, డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ మీటలు పట్టుకుని ఛార్జరు తగిలించడం వంటి మరమ్మతు మార్గాలు ఉన్నాయి. అన్ని మోడళ్ళకూ ఇవి వర్తించవు గనుక కంపెనీ సూచనలు చూసుకోవాలి.

దానితోను కాకపోతే షాపుకు తీసుకువెళ్ళక తప్పదు. పని మీద రాజధానికి వచ్చినప్పుడు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వైపు చూపించుకునేవారు మోడల్ పూర్తి పేరు, సీరియల్ నంబరు వ్రాయించి రసీదు తీసుకోవాలి. చెడినది ఫర్మ్‌వేర్ మాత్రమే అయితే డిస్కులోని లెక్కలు ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి డిస్కును ఫార్మాట్ చేయవద్దని రసీదు మీదనే వ్రాయించాలి. పాస్‌వర్డు ఇవ్వవలసి వస్తే, పని అయిన వెంటనే మార్చుకోవాలి.

యంత్రం తిరిగి వచ్చేవరకు సేకరణ ఆపనక్కర లేదు. పాత పద్ధతిలో రిజిస్టరు తెరిచి, ప్రతి పూటా లీటర్లు, ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్. వ్రాసి సభ్యుల పుస్తకాలలో నమోదు చేయాలి. ఇందుకు ఒక ఖాళీ రిజిస్టరు ప్రతి సంఘంలోనూ సిద్ధంగా ఉండాలి. ఇకపై తనిఖీకి వచ్చినప్పుడు ఆ రిజిస్టరుతోపాటు నకళ్ళు తీసిన తేదీలను కూడా మేము చూస్తాము. కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించగలరని మనవి.