సబ్బు నురగ చూసి బోరు నీళ్లను నమ్మవచ్చా?

ప్రశ్న: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందని రిపోర్టు వచ్చింది. కానీ నీళ్లు తియ్యగా ఉంటాయి, పప్పు మెత్తగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురగ వస్తుంది. కాచి తాగితే చాలదా? ఫ్లోరైడ్ పక్కన ఒక మైనస్, కాల్షియం పక్కన రెండు ప్లస్‌లు ఎందుకు వేశారు?
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: మీ అనుమానం తీరేది ఆ గుర్తుల దగ్గరే. ఫ్లోరైడ్‌ది ఒక రుణావేశం, కాల్షియంది రెండు ధనావేశాలు. అందుకే ఒక కాల్షియం రెండు ఫ్లోరైడ్‌లను పట్టుకుని, నీళ్లలో పెద్దగా కరగని పదార్థంగా మారుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి కరగలేదు. కర్నూలు, కడప మెట్ట ప్రాంతాల్లో చాలాచోట్ల రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలో కాల్షియం తగ్గి, దాని చోట సోడియం చేరుతుంది. సోడియానికి ఫ్లోరైడ్‌ను అలా కట్టిపడేసే శక్తి లేదు. పప్పు ఉడకడం, నురగ రావడం కాల్షియం, మెగ్నీషియం తక్కువన్నందుకు గుర్తులే తప్ప ఫ్లోరైడ్ లేదన్నందుకు కావు. మన నేలల్లో అలాంటి నీళ్లనే ముందుగా పరీక్ష చేయించాలంటాను. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీళ్లు ఇగిరేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా ఆగదు.

పళ్లపొడిలో, టూత్‌పేస్టులో వేసేదీ ఫ్లోరైడే కదా అంటారు. అది పంటి పైపొరకు పనికొస్తుంది, ఉమ్మేస్తాం. మింగినది వేరు. కడుపులోని ఆమ్లంలో హైడ్రోజన్‌తో కలిసి ఆవేశం లేని రూపం పొందుతుంది, అందువల్ల జీర్ణాశయం గోడలను సులువుగా దాటి రక్తంలో చేరుతుంది. ఎముకలో, పంటిలో హైడ్రాక్సిల్‌కూ ఇలాగే ఒక రుణావేశం, పరిమాణమూ దగ్గరే; దాని చోటును ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో పళ్లు ఏర్పడే దశలోనే ఎనామెల్ దెబ్బతిని మచ్చలు పడతాయి, అవి తర్వాత పోవు. పెద్దల్లో ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు, వెన్ను బిగుసుకుంటాయి. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే.

మరి రాగి సంగటి, మజ్జిగ తీసుకుంటే చాలదా? వాటిలోని కాల్షియం అన్నంతోపాటు కడుపులో ఉన్నప్పుడు కొంత ఫ్లోరైడ్‌ను పట్టి మలంలో పంపేస్తుంది, మానకండి. కానీ రోజంతా తాగే నీళ్లకు అది విరుగుడు కాదు. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5. మీకు అంతకు రెట్టింపు. తాగడానికీ వంటకూ పంపులో వచ్చే శుద్ధిచేసిన నది నీళ్లు గానీ, ఆర్ఓ నీళ్లు గానీ వాడండి. బోరు నీళ్లను స్నానానికి, బట్టలకు ఉంచండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ మార్పు ఈ రోజే మొదలు కావాలి.