గ్యాసు బండి లీటరుకు ఎంత ఇస్తది?



మన ఏటూరునాగారం బస్టాండు దగ్గర నిలబడితే ఆటోలు, జీపులు, కార్లు ఎన్నో కనబడతాయి. డ్రైవర్లు మాట్లాడుకునే మాటల్లో ఒకటి తరచుగా వినబడుతుంది: "గ్యాసుకు మార్చుకుంటే మస్తు మిగులుతది." ఇది నిజమేనా? ఎంత మిగులుతుంది? ఎవరికి మిగులుతుంది? మన సైన్సు పుస్తకం, లెక్కల పుస్తకం రెండూ పక్కన పెట్టుకొని ఈ సంగతి తేల్చుకుందాం.

ఎల్పీజీ అంటే ఏమిటి?

ఎల్పీజీ అంటే ద్రవరూప పెట్రోలియం వాయువు. ఇందులో ముఖ్యంగా ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువులు ఉంటాయి. ముడిచమురును శుద్ధి చేసేటప్పుడు, భూమిలో నుంచి సహజవాయువును తీసేటప్పుడు ఇది దొరుకుతుంది. విశాఖపట్నంలో 1957లో మొదలైన చమురుశుద్ధి కర్మాగారంలో కూడా ఇది తయారవుతుంది. మామూలు గాలిలో ఇది వాయువే. కొద్దిపాటి ఒత్తిడి పెడితే నీళ్లలాగ ద్రవమైపోతుంది. ఆ ద్రవం మళ్లీ వాయువైతే సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది. అందుకే చిన్న సిలిండరులో అంత గ్యాసు పడుతుంది.

ఒక హెచ్చరిక: సీఎన్జీని కూడా జనం "గ్యాసు" అనే అంటారు. అది వేరు. అది మీథేను వాయువు. దాన్ని చాలా ఎక్కువ ఒత్తిడితో నొక్కి నింపుతారు, కిలోల లెక్కన అమ్ముతారు. మన పాఠం ఎల్పీజీ గురించి మాత్రమే.

కిలోలో ఎక్కువ, లీటరులో తక్కువ

కిలో పెట్రోలు కాలితే సుమారు 44 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కిలో ఎల్పీజీ కాలితే సుమారు 46 మెగాజౌళ్లు వస్తుంది. అంటే గ్యాసుదే పైచేయి గదా! కాని బంకులో మనం కొనేది కిలో కాదు, లీటరు. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. లీటరు ఎల్పీజీ బరువు సుమారు 540 గ్రాములే. కాబట్టి లీటరు లెక్కన చూస్తే పెట్రోలులో దాదాపు 33 మెగాజౌళ్లు, గ్యాసులో దాదాపు 25 మెగాజౌళ్లు ఉంటాయి.

అందుకే అదే బండి గ్యాసు మీద నడిస్తే లీటరుకు 20 నుంచి 25 శాతం తక్కువ దూరం పోతుంది. పెట్రోలు మీద 15 కి.మీ. ఇచ్చే కారు గ్యాసు మీద 12 కి.మీ. ఇస్తే అది చెడిపోయినట్టు కాదు, దాని లెక్క అంతే.

"నా బండి గ్యాసు మీద 22 ఇస్తది" అని ఎవరైనా అంటే, "అన్నా, కిలోకా, లీటరుకా?" అని అడగండి. లీటరుకు 12 ఇచ్చే బండి కిలోకు 22 ఇస్తుంది. రెండూ ఒకటే బండి!

ఖర్చు లెక్క

ధరలు మారుతుంటాయి. లెక్క కోసం పెట్రోలు 100 రూపాయలు, గ్యాసు 60 రూపాయలు అనుకుందాం.

పెట్రోలు: 100ను 15తో భాగిస్తే కి.మీ.కు 6 రూపాయల 67 పైసలు.
గ్యాసు: 60ని 12తో భాగిస్తే కి.మీ.కు 5 రూపాయలు.

మిగిలేది కి.మీ.కు 1 రూపాయి 67 పైసలు. ఇక్కడి నుంచి వరంగల్ సుమారు 100 కి.మీ. పోయి వస్తే 200. ఒక ట్రిప్పుకు 333 రూపాయలు మిగులుతాయి. గ్యాసు కిట్టుకు 30,000 రూపాయలు అయిందనుకుంటే, అది తిరిగి రావడానికి 90 ట్రిప్పులు, అంటే 18,000 కి.మీ. తిరగాలి. రోజూ కిరాయికి తిరిగే బండికి ఇది లాభమే. నెలకు రెండుసార్లు తీసే సొంత కారుకు కిట్టు డబ్బులు రావడానికే ఏళ్లు పడతాయి.

బంకు ఎంత దూరం?

చాలామంది మరచిపోయే లెక్క ఇదే. 40 లీటర్ల ట్యాంకులో 80 శాతమే, అంటే 32 లీటర్లే నింపుతారు. ఎండకు ద్రవం వ్యాకోచిస్తుంది కనుక మిగతా చోటు ఖాళీగా వదలాలి. ఈ 32 లీటర్లకు 1,920 రూపాయలు. బండి 384 కి.మీ. పోతుంది.

గ్యాసు బంకు 20 కి.మీ. దూరంలో ఉండి, నింపడానికే పోయి వస్తే 40 కి.మీ. వృథా. పనికొచ్చేది 344 కి.మీ. ఖర్చు కి.మీ.కు 5 రూపాయల 58 పైసలకు పెరుగుతుంది. బంకు 48 కి.మీ. దూరంలో ఉంటే పెట్రోలుకు, గ్యాసుకు ఖర్చు సమానం. అంతకంటే దూరమైతే నష్టమే! సవారీతో పోయినప్పుడు దారిలో నింపుకుంటే మాత్రం ఈ నష్టం ఉండదు. కనుక అడవి దారుల్లో తిరిగే బండికి గ్యాసు ధర ఒక్కటే చూస్తే చాలదు, బంకు ఎక్కడుందో కూడా చూడాలి.

ఇంకో సంగతి. బండిలో ద్రవాన్ని వాయువుగా మార్చే పరికరం ఒకటుంటుంది. అది ఇంజను వేడినీళ్లతో పని చేస్తుంది. అందుకని చాలా బండ్లు పొద్దున పెట్రోలు మీద స్టార్టయి, వేడెక్కాక గ్యాసుకు మారతాయి. చిన్న చిన్న దూరాలే తిరిగితే పెట్రోలు కూడా బాగానే ఖర్చవుతుంది.

పొగ సంగతి

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. లీటరు ఎల్పీజీకి సుమారు 1.6 కిలోలు. మన కారు లెక్కన కి.మీ.కు పెట్రోలు మీద 153 గ్రాములు, గ్యాసు మీద 133 గ్రాములు. దాదాపు ఎనిమిదో వంతు తగ్గింది. అభయారణ్యం పక్కన ఉండే మనకు ఇది కూడా లాభమే.

వంటగ్యాసు బండికి వద్దు

మన దేశంలో బండ్లకు ఎల్పీజీ వాడటానికి 2000 సంవత్సరంలో చట్టప్రకారం అనుమతి వచ్చింది. వాడే పద్ధతి గురించి 2001లో ఉత్తర్వు వచ్చింది. ఆమోదించిన కిట్టే బిగించాలి, ఆర్సీలో రాయించాలి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరును బండికి వాడటం నేరం.

ఎందుకంటే బండి ట్యాంకుకు 80 శాతం దగ్గర ఆపే వాల్వు ఉంటుంది, కుదుపులకు తట్టుకునేలా గట్టిగా బిగించి ఉంటుంది. వంట సిలిండరుకు అవేవీ లేవు. సిలిండరు నుంచి మోటారుతో ఎక్కించేటప్పుడు కొంచెం కారినా ప్రమాదమే. ఈ గ్యాసు గాలికంటే బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకొని గుంటల్లో నిలుస్తుంది. దూరంగా ఉన్న బీడీ నిప్పు చాలు అంటుకోవడానికి. కొద్దిపాటి డబ్బు మిగలడం కోసం పది ప్రాణాలు పణంగా పెట్టడం ఏం పొదుపు?

మేడారం జాతరకో, సెలవులకు ఇంటికో కిరాయి బండి ఎక్కినప్పుడు లోపల వంటగ్యాసు వాసన వస్తే మొహమాటపడకండి. బండి ఆపించి దిగండి, తోటివాళ్లను దింపండి. ఈ మాట ఇంట్లో అమ్మానాన్నలకు, అన్నలకు కూడా చెప్పండి.

చేసి చూడండి

1. పెట్రోలు మీద 20 కి.మీ. ఇచ్చే కారు గ్యాసు మీద 20 శాతం తక్కువ ఇస్తే లీటరుకు ఎంత?
2. పెట్రోలు 100 రూపాయలైతే, గ్యాసు ఏ ధర దాటితే ఆ కారుకు నష్టం?
3. 7.1 కిలోల ఎల్పీజీ సుమారు ఎన్ని లీటర్లు?

జవాబులు: 1) 16 కి.మీ. 2) 80 రూపాయలు. 3) 13 లీటర్లు.