ఎనిమిది ప్రాసెసర్లు – ఒక్క తాళం



ఈ రోజుల్లో మామూలు సెల్‌ఫోన్‌లో కూడా ఎనిమిది కోర్లు ఉంటున్నాయి. కోర్ అంటే తనంతట తాను లెక్కలు చేయగల ఒక ప్రాసెసర్. మరి ఎనిమిది ఉన్నాయి కాబట్టి పని ఎనిమిది రెట్లు వేగంగా జరగాలి కదా? జరగదు. ఎందుకు జరగదో అర్థమైతే ఆపరేటింగ్ సిస్టం సబ్జెక్టు మీద సగం భయం పోతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి హాస్టళ్లలో చదివి పై చదువులకు వెళ్లే మన పిల్లలు భయపడే సబ్జెక్టుల్లో ఇదొకటి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. అర్థం కానిది అడుగుదామంటే ఇంట్లో చెప్పేవారు లేరు. అందుకే ఈ పాఠాన్ని మన హాస్టల్ మాటల్లోనే చెప్పదలిచాం.

కెర్నల్ అంటే ఏమిటి?

మనం వాడే ప్రోగ్రాములకూ యంత్రానికీ మధ్య నిలబడి పెత్తనం చేసే ప్రోగ్రామే కెర్నల్. ఎవరికి ప్రాసెసర్ ఎంతసేపు ఇవ్వాలి, మెమరీలో ఎంత చోటు ఇవ్వాలి, ఫైలును డిస్కులో ఎక్కడ రాయాలి అన్నీ అదే చూసుకుంటుంది. హాస్టల్‌కు వార్డెన్ సార్ ఎలాగో కంప్యూటర్‌కు కెర్నల్ అలాగ.

ఈ వ్యాసంలో లినక్స్ కెర్నల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని మొదలుపెట్టాడు. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది ఇదే. 2017 నవంబర్ నాటికి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదికే వచ్చాయి. మన ఐఐటీ హైదరాబాద్‌లోని 'పరమ్ సేవ' సూపర్ కంప్యూటర్ నడిచేదీ లినక్స్ మీదే.

ఎక్కువ ప్రాసెసర్లు ఎందుకు?

ఒకప్పుడు ఏటేటా ప్రాసెసర్ వేగం పెంచుకుంటూ పోయారు. వేగంతోపాటు వేడి కూడా పెరిగింది. తేజస్ అనే పేరుతో తయారుచేస్తున్న ప్రాసెసర్‌ను ఇంటెల్ 2004లో మధ్యలోనే వదిలేసింది. 2005లో ఇంటెల్, ఏఎండీ సంస్థలు రెండు కోర్ల ప్రాసెసర్లను ఇళ్లలో వాడే కంప్యూటర్లకు తెచ్చాయి. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రాన్ని చూడండి. 2010లో 500 మెగావాట్ల యూనిట్ వచ్చింది. మరింత కరెంటు కోసం దాని పక్కనే 2016లో 600 మెగావాట్ల రెండో యూనిట్ వచ్చింది. ప్రాసెసర్ల విషయంలోనూ ఇదే దారి పట్టారు.

అయితే పక్కన ఇంకొకటి పెట్టినంత మాత్రాన సరిపోదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

బియ్యం రిజిస్టర్ లెక్క

హాస్టల్ స్టాక్ రిజిస్టర్‌లో 40 బస్తాల బియ్యం ఉన్నట్లు రాసి ఉందనుకోండి. ఇద్దరు ఒకేసారి రిజిస్టర్ చూశారు. ఇద్దరికీ 40 కనిపించింది. మొదటివారు 2 బస్తాలు తీసి 38 అని రాశారు. రెండోవారు 3 తీసి, తాము చూసిన 40లోంచి తగ్గించి, 37 అని రాశారు. గదిలో ఉన్నవి 35, పుస్తకంలో 37. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరికీ కూడికలు తీసివేతలు రాక కాదు. అయినా లెక్క తప్పింది.

చూడడం, లెక్కించడం, రాయడం అనే మూడు మెట్ల మధ్యలో రెండోవారు దూరడమే దీనికి కారణం. రెండు ప్రాసెసర్లు మెమరీలోని ఒకే అంకెను మార్చేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. దీనినే రేస్ కండిషన్ అంటారు.

తాళాలు – రకాలు

దీనికి మందు తాళం, అంటే లాక్. పాత సింగిల్ లైన్ రైలు మార్గాల్లో టోకెన్ చేతికి వస్తేనే డ్రైవర్ బండిని ముందుకు తీసేవాడు. టోకెన్ ఒక్కటే కాబట్టి ఆ సెక్షన్‌లో బండి కూడా ఒక్కటే. లాక్ కూడా అంతే. అది ఎవరి దగ్గర ఉంటే వారే ఆ అంకెను ముట్టుకోవాలి.

తాళం దొరకని ప్రాసెసర్ ఏం చేయాలి? రెండు పద్ధతులున్నాయి. "వచ్చిందా, వచ్చిందా" అని అక్కడే నిలబడి అడుగుతూ ఉండడం స్పిన్‌లాక్. పని క్షణంలో అయిపోయేటట్లుంటే ఇదే మేలు. తాళం కోసం వచ్చిన ప్రోగ్రామును నిద్రపుచ్చి, ప్రాసెసర్‌ను మరొక పనికి పంపడం మ్యూటెక్స్. ఆలస్యమయ్యే పనులకు ఇది మంచిది. ఈ తేడాను ఉద్యోగ ఇంటర్వ్యూల్లో కూడా అడుగుతారు, గుర్తుంచుకోండి.

తాళాలతో ఒక ప్రమాదం కూడా ఉంది. స్టోర్ గది తాళంచెవి ఒకరి దగ్గర, రిజిస్టర్ మరొకరి దగ్గర ఉండి, తమది వదలకుండా ఎదుటివారిది కావాలని ఇద్దరూ కూర్చుంటే ఆ రోజు వంట కాదు. దీని పేరు డెడ్‌లాక్. అందుకే ముందు తాళంచెవి, తర్వాతే రిజిస్టర్ అని అందరికీ ఒకే వరుస పెట్టాలి. కెర్నల్ రాసేవారు పాటించే నియమం ఇదే.

పదిహేనేళ్లు పట్టిన పని

1996 జూన్‌లో వెలువడిన లినక్స్ 2.0లో మొదటిసారిగా ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్లను నడిపే వీలు కలిగింది. కాని మొత్తం కెర్నల్‌కు ఒక్కటే పెద్ద తాళం వేశారు. దాని పేరు బిగ్ కెర్నల్ లాక్. ఎన్ని ప్రాసెసర్లున్నా కెర్నల్ లోపల ఒక సమయంలో పనిచేసేది ఒక్కటే.

జనగామ మార్కెట్ యార్డుకు వంద బండ్ల వడ్లు వచ్చాయనుకోండి. హమాలీలు ఎంతమంది ఉన్నా కాంటా ఒక్కటే అయితే అందరూ కాంటా దగ్గర నిలబడవలసిందే. పెద్ద తాళంతో లినక్స్‌కు వచ్చిన తిప్పలు ఇవే.

1999లో వచ్చిన 2.2లో, 2001లో వచ్చిన 2.4లో ఆ తాళం కింది పనులను విడదీసి చిన్న చిన్న తాళాలు పెట్టారు. 2.4 వరకు నడవవలసిన ప్రోగ్రాములన్నీ ఒకే వరుసలో నిలబడేవి. 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6లో ఒక్కొక్క ప్రాసెసర్‌కు దాని వరుస దానికే ఇచ్చారు. ఒకచోట వరుస పెరిగితే కొన్నింటిని పక్క వరుసకు పంపుతారు.

కొన్నిచోట్ల చదివేవారికి తాళమే అక్కరలేకుండా చేశారు. ఆ పద్ధతి పేరు ఆర్‌సీయూ. నోటీసు బోర్డు పైన కొత్త మెనూ అంటిస్తారు. పాతది చూస్తున్నవారిని ఆపరు. వాళ్లంతా చదివి వెళ్లాకే పాత కాగితాన్ని పారేస్తారు. ఆర్‌సీయూ కూడా ఇలాగే పనిచేస్తుంది.

చివరకు 2011 మేలో వచ్చిన 2.6.39తో పెద్ద తాళం పూర్తిగా పోయింది. వేయడానికి ఒక్క వెర్షన్, తీయడానికి పదిహేనేళ్లు!

ఆమ్‌డాల్ సూత్రం

తాళం కింద జరిగే పని కొంచెమే అయినా ఎంత నష్టమో 1967లో జీన్ ఆమ్‌డాల్ లెక్కగట్టి చెప్పాడు. పనిలో పదో వంతు ఒక్కరే చేయవలసినదైతే 4 ప్రాసెసర్లకు వేగం సుమారు 3.1 రెట్లు, 8 ప్రాసెసర్లకు 4.7 రెట్లు మాత్రమే పెరుగుతుంది. లక్ష ప్రాసెసర్లు పెట్టినా పది రెట్లు దాటదు. ఎనిమిది కోర్ల ఫోన్ రహస్యం ఇదే.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ఇదంతా అమెరికా వాళ్ల విద్య అనుకోవద్దు. ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ల మీద లినక్స్ పనిని ఎలా పంచాలో వివరిస్తూ 2005లో ఒట్టావా లినక్స్ సదస్సుకు వ్యాసం రాసిన ఇంటెల్ ఇంజనీర్లలో సురేశ్ సిద్ధ, వెంకటేశ్ పల్లిపాడి పేర్లున్నాయి. లినక్స్ కెర్నల్‌ను పైసా ఖర్చు లేకుండా ఎవరైనా తెచ్చుకుని చదవవచ్చు. అది మరీ పెద్దదనిపిస్తే ఎం.ఐ.టి. వారు విద్యార్థుల కోసమే రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న కెర్నల్ ఉంది. స్పిన్‌లాక్ అందులో ఒకటి రెండు పేజీలే. దానితో మొదలుపెట్టండి. కాలేజీ ల్యాబులో లినక్స్ ఉంటే రెండు థ్రెడ్లతో ఒకే అంకెను లక్షసార్లు పెంచి చూడండి. ముందు తాళం లేకుండా, తర్వాత తాళంతో. బియ్యం రిజిస్టర్ లెక్క మీ కళ్లముందే కనిపిస్తుంది.

చివరగా ఒక్క మాట. హాస్టల్‌లో ఒక సబ్జెక్టు తెలిసినవారు ఒక్కరే ఉంటే పరీక్షల ముందు రాత్రి అందరూ ఆ ఒక్కరి మంచం దగ్గరే నిలబడాలి. అదీ పెద్ద తాళమే. నేర్చుకున్న ప్రతి ఒక్కరూ ఇంకొకరికి నేర్పితే ఆ తాళం తీయడానికి పదిహేనేళ్లు పట్టదు. సెలవులకు హాస్టల్‌కు వచ్చినప్పుడు ఈ పాఠం చెప్పడానికి మేము సిద్ధం. అడగడానికి మొహమాటపడకండి.